పాకం ఎవరు పట్టాలి?

సంక్రాంతి దగ్గర పడేకొద్దీ గన్నవరంలో రెండు చోట్ల జనం కనిపిస్తారు. ఒకటి విమానాశ్రయం. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచిన దగ్గర్నుంచి పండక్కి విమానం దిగే కొడుకులూ కోడళ్ళూ, కూతుళ్ళూ అల్లుళ్ళూ పెరిగారు. రెండోది పిండి మర. నానబెట్టి వార్చిన బియ్యం గిన్నెల్లో పోసి, పైన తడిగుడ్డ కప్పుకుని వరసలో నిలబడతారు. తడిబియ్యం పట్టిన మరలో వెంటనే పొడిగింజ పడదు, పిండి అంటుకుపోతుంది. అందుకే పండగ ముందు తడిపిండికి వేరే మరో, వేరే వేళో చూస్తారు.

హైవే పక్క మిఠాయి దుకాణాల్లో ఈ హడావిడి ఏమీ ఉండదు. అరిసెలు, జంతికలు, గవ్వలు, కజ్జికాయలు, సున్నుండలు తూచి కట్టి సిద్ధంగా ఉంటాయి. మరి మర దగ్గర నిలబడాలా, దుకాణం ముందు బండి ఆపాలా? కృష్ణా డెల్టాలో ఏటా ఎన్నో ఇళ్ళలో వచ్చే ఈ ప్రశ్న మీద ఒక అత్తగారికీ కోడలికీ నడిచిన వాదన ఇది.

కోడలు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. రోజూ వంట తనదే, పప్పూ పులుసూ చెయ్యి తిరిగినవే. పిండివంట మాత్రం ఒక్కసారీ చెయ్యలేదు. ఈ పండక్కి అరిసెలు తన చేత్తో వండాలని పట్టుబట్టింది. అత్తగారు పెళ్ళయిన దగ్గర్నుంచి ఏటా పాకం పట్టిన మనిషి. కొన్నేళ్ళుగా మానేసి కొంటున్నారు. చెయ్యాలంటున్నది చిన్నావిడ, వద్దంటున్నది పెద్దావిడ.

“ఎందుకమ్మాయ్ ఇప్పుడీ ప్రయాస? రెండు కిలోలు తెప్పిస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతాయి. సెలవు పెట్టుకుని వచ్చావు, హాయిగా ఉండు,” అన్నారు అత్తగారు.

“కొనుక్కోవడానికైతే బెంగళూరులోనూ దొరుకుతున్నాయి అత్తయ్యా. అక్కడ దొరకనిది మీరొక్కరే. మీ పక్కన నిలబడి ఒక్క వాయి వేసి చూస్తాను.”

“అరిసెల్లో ఒక్క వాయి అంటూ ఉండదు. పాకం పట్టామంటే ఆ చలిమిడి అయిపోయేదాకా పొయ్యి దగ్గరే. మా అత్తగారి రోజుల్లో రెండు కుంచాల బియ్యం పోసేవాళ్ళం. ముందురోజు నానబోత, తెల్లారుజామున రోలు, జల్లెడ. మధ్యాహ్నానికి పాకం. అక్కణ్ణించి రాత్రి పడుకునేదాకా బాండీ. కట్టెల పొయ్యి పొగకి కళ్ళు మండిపోతుంటే, రుచి చూసినవాళ్ళు కాస్త గట్టిపడ్డాయే అనేసి వెళ్ళేవాళ్ళు. పండగంటే నీకు అరిసె గుర్తొస్తుంది, నాకు నడుంనొప్పి గుర్తొస్తుంది. ఆ చాకిరీ మీ తరానికి తప్పిందని నేను సంతోషిస్తుంటే, నువ్వు వెతుక్కుంటూ వచ్చావు.”

ఇది పెద్దవాళ్ళు గొప్పకి చెప్పుకునే కష్టం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన దీపం పథకం 1999లో మొదలైంది. అంతకు ముందు పల్లెల్లో చాలా వంటిళ్ళు కట్టెలు, పిడకల మీదే నడిచాయి. అరిసె పనిలో చేతులెన్ని కావాలో లెక్కేస్తే ఆవిడ మాట ఇంకా తెలుస్తుంది. పాకంలో పిండి పోసేవాళ్ళొకరు, ఉండకట్టకుండా గరిటెతో తిప్పేవాళ్ళొకరు, ఆకు మీద తట్టేవాళ్ళొకరు, నూనెలో వేసి తీసేవాళ్ళొకరు, తీసినదాన్ని చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తేవాళ్ళొకరు. ఒంటి చేత్తో అయ్యే వంట కాదిది. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంతులు వేసుకుని ఒకరింట్లో ఒకరు సాయం పట్టేవాళ్ళు.

కోడలు ఆ వంతుల మాటే పట్టుకుంది. “మీకు విసుగొచ్చింది అరిసె మీదా అత్తయ్యా, ఆ పనంతా ఆడవాళ్ళ మీదే పడిందనా? ఇది ఐదుగురి పని. ఆ ఐదుగురిలో మావయ్యగారు లేరు, మీ అబ్బాయి లేడు. తప్పు అక్కడుంటే దాన్ని సరిచేద్దాం. అరిసెనెందుకు మానెయ్యడం?”

“చెప్పడం తేలికమ్మా. ఇళ్ళలో ముందు మానగలిగేది వంటనే, అలవాట్లని కాదు. నేను మానగలిగింది నేను మానేశాను.”

“మీరు మానేస్తే తప్పులేదు. మానే హక్కు మీకుంది. కానీ నాకు చెప్పకుండా మానేస్తే ఆ చెయ్యి మీతోనే ఆగిపోతుంది.”

అత్తగారు కాసేపటికి దుకాణం వైపు నుంచి మాట్లాడారు. “ఆగిపోవడమేంటి? దుకాణాల్లో వండేది మాత్రం ఎవరు? మనలాంటి ఆడవాళ్ళే. ఇంట్లో ఊరికే చేసిన పనికి అక్కడ జీతం ముడుతుంది. పొదుపు సంఘాల వాళ్ళు పచ్చళ్ళూ పిండివంటలూ చేసి అమ్ముకుంటున్నారు. మనం నాలుగు కిలోలు కొంటే వాళ్ళ పండగ గడుస్తుంది. ఇంట్లో చేస్తేనే ప్రేమ, కొంటే కాదు అనే మాట నేనొప్పుకోను.”

ఈ మాటకి బలమైన సాక్ష్యం ఈ డెల్టాలోనే ఉంది. బందరు తొక్కుడు లడ్డు సంగతే చూడండి. శనగపిండిని సన్నని పూసలా వేయించి, దంచి, బెల్లంపాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ రోకళ్ళతో తొక్కితే గానీ ఆ మెత్తదనం రాదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరి డెల్టాలో ఆత్రేయపురం పూతరేకులదీ అదే వరస. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డని దాని మీద ఒక్క ఊపులో లాగితే కాగితం లాంటి రేకు లేస్తుంది. ఆ ఊపు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పనితో వందల కుటుంబాలు బతుకుతున్నాయి. 2023లో పూతరేకులకూ ఆ గుర్తింపు దక్కింది. ఇవి పుట్టింది ఇళ్ళలోనే అయినా నిలబెట్టింది వృత్తిగా పట్టుకున్న చేతులు. ఇంటి వంట దుకాణానికి పోతే చచ్చిపోతుందన్న భయం అన్ని వంటలకూ వర్తించదు.

కోడలు కాదనలేదు. “బందరు లడ్డూ, పూతరేకులూ కొందాం. జంతికలూ కొందాం. వాటికి కావలసినంత చెయ్యి నాకెప్పటికీ రాదు. అరిసె అలా కాదు. దాన్ని నలభయ్యేళ్ళు చేసిన మనిషి నా ఎదురుగా కూర్చున్నారు. కొనే దారి ఎప్పుడూ ఉంటుంది. మీ దగ్గర నేర్చుకునే దారి ఎప్పుడూ ఉండదు.”

“నేర్చుకోవాలంటే పుస్తకాలున్నాయిగా. మాలతీ చందూర్ గారి వంటల పుస్తకం నాకు పెళ్ళిలో ఇచ్చారు. ఇంకా అలమర్లో ఉంది, తీసుకుపో.”

నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికని దశాబ్దాల పాటు నడిపారు. ఆవిడ ‘వంటలు - పిండివంటలు’ తెలుగిళ్ళలో ఎన్నో ముద్రణలు చూసిన పుస్తకం. పుట్టిల్లు వదిలి ఎక్కడో రైల్వే క్వార్టర్లలోనో, పట్నంలోనో కాపురం పెట్టిన అమ్మాయిలకు అమ్మ లేని లోటు కొంత తీర్చింది ఇలాంటి పుస్తకాలే. అంటే మొదటిసారి పిండివంట చెయ్యబోతూ దిక్కులు చూసిన కొత్తకోడళ్ళు ప్రతి తరంలోనూ ఉన్నారు. పాతకాలం వాళ్ళందరికీ పుట్టుకతోనే అన్నీ వచ్చన్న మాట నిజం కాదు.

“పుస్తకాలు చదివాను, వీడియోలూ చూశాను,” అంది కోడలు. “అందరూ పాకం ఉండకు రావాలంటారు. ఎంత ఉండ, ఎంత మెత్తన అన్న దగ్గరే ఆగిపోతున్నాను.”

అప్పుడు అత్తగారు వాదన పక్కన పెట్టి, చేతులు కదుపుతూ చెప్పడం మొదలెట్టారు.

“పళ్ళెంలో చన్నీళ్ళు పోసుకుని పక్కన పెట్టుకోవాలి. బెల్లం ముందు కాసిని నీళ్ళతో కరిగించి వడకట్టు, ఇసకా నలకా ఉంటాయి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి తిప్పుతుండు. మొదట నురుగు పెద్ద పెద్ద బుడగలతో లేస్తుంది. బుడగలు చిన్నవై, పాకం బరువుగా ఉడకడం మొదలయ్యాక ఓ చుక్క పళ్ళెంలో వెయ్యి. కరిగి చెదిరిపోయిందంటే ఇంకా కాలేదు. కాసేపాగి మళ్ళీ వెయ్యి. చెదరకుండా అడుక్కి దిగి, వేలితో పోగుచేస్తే దగ్గరికొస్తుంది. ఇంకో రెండు క్షణాలకి వేళ్ళ మధ్య మెత్తని ఉండ అవుతుంది. నొక్కితే అణగాలి, వదిలితే సాగకూడదు. అదీ అరిసె పాకం. ఆ ఉండ పళ్ళేనికేసి కొడితే టంగుమందనుకో, ఇక అది వేరుశనగ అచ్చులకే. అరిసె చేస్తే పళ్ళూడతాయి.”

“తక్కువైతే?”

“లేతపాకం అయితే నూనెలో వెయ్యగానే విచ్చిపోతుంది. బాండీ అంతా పిండే. పాకం సరిగ్గా వచ్చాక, దించిన వెంటనే యాలకుల పొడి, నెయ్యి వేసి, పిండి గుప్పెళ్ళతో పోస్తూ తిప్పాలి. ఎంత పిండి అని నన్నడక్కు. పాకం ఎంత పడితే అంత. కొలిచి పోసేస్తే గట్టిపడుతుంది. నాలుగు గుప్పెళ్ళు చేతిలో మిగుల్చుకోవాలి.”

కోడలు సంచిలోంచి ఓ చిన్న డిజిటల్ థర్మామీటర్ తీసి చూపించింది. అత్తగారికి అది నచ్చలేదు.

“వంటింట్లో జ్వరం చూస్తావా?”

“మీ పళ్ళెంలో ఉండ కట్టిన క్షణానికి ఇది ఎంత చూపిస్తుందో తెలుసుకోవాలని అత్తయ్యా.”

ఆ కోరికలో అర్థముంది. పాకం కాగడమంటే నీరు ఇగిరి తీపి చిక్కబడడమే. నీరు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతూ పోతుంది. పంచదార పాకమైతే 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తని ఉండ కడుతుంది. అప్పటికి అందులో నూటికి 85 వంతుల దాకా తీపే. 120 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఉండ గట్టిపడుతుంది. మెత్తని అరిసెకీ గట్టి అరిసెకీ మధ్య ఉన్నది ఆ నాలుగైదు డిగ్రీలే. గ్యాస్ పొయ్యి పెద్దమంట మీద, పల్చటి గిన్నెలో, కొంచెం బెల్లంతో చేసేవాళ్ళకి ఆ తేడా రెప్పపాటులో దాటిపోతుంది. మొదటిసారి కదా అని మరీ పావుకిలోతో మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మందపాటి గిన్నె, సన్నటి మంట, కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం లాంటి కొలత ఉంటే కొత్తచేతికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

అయితే అత్తగారి అనుమానం కూడా ఊరికే పుట్టింది కాదు. బెల్లం పంచదార కాదు. అందులో గ్లూకోజు, ఫ్రక్టోజు, ఖనిజ లవణాలు ఒక్కో చెరకుతోటకీ, ఒక్కో బట్టీకీ ఒక్కోలా ఉంటాయి. అనకాపల్లి బెల్లానికీ ఇంకో ఊరి బెల్లానికీ అంకె కొద్దిగా అటూఇటూ అవుతుంది. “పసుపుపచ్చగా మెరిసే బెల్లం తేకు. రంగు తేలడానికి మందు కలుపుతారు. నల్లగా ఉన్నా సరే, ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పగా లేకపోతే చాలు,” అన్నారావిడ. బట్టీల్లో రంగు తేలడానికి సోడియం హైడ్రోసల్ఫైట్ వాడడం తెలిసిన సంగతే. దాన్ని హైడ్రోస్ అంటారు.

తడిపిండి సంగతీ అంతే. పొడిపిండి పాకాన్ని తాగేసి చలిమిడిని పెళుసుగా చేస్తుంది. నానిన బియ్యం లోపలిదాకా తేమ పట్టి ఉంటుంది కాబట్టి పిండి మెత్తగా నలిగి, పాకంలో సమంగా కలుస్తుంది. పిడికిట్లో పట్టి వదిలితే ముద్దగా నిలవాలి. మర నుంచి తెచ్చాక గాలికి వదిలేస్తే ఆ తేమంతా పోతుంది. జల్లించి, అదిమి, మూత పెట్టాలి.

“అంత ఆరాటంగా ఉంటే సున్నుండలతో మొదలుపెట్టొచ్చుగా,” అన్నారు అత్తగారు. “మినుములు వేయించి, విసిరి, బెల్లం తురిమి నెయ్యి పోసి ఉండ చుట్టెయ్యడమే. పాకం గొడవ లేదు. మన చేలల్లో పండే మినుములే.” ఆ మాటా నిజమే. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్దిరోజుల ముందే తడి ఆరని చేలో మినుములు చల్లుతారు. వరి తీసేసరికి మొలక లేచి ఉంటుంది. మాగాణిలో మిగిలిన తేమతోనే పంట చేతికొస్తుంది. కొత్తగా పిండివంట పట్టేవాళ్ళకి సున్నుండ కన్నా మంచి మొదటి మెట్టు లేదు.

కోడలు తగ్గలేదు. “పాకం గొడవ లేకుండా అరిసె కూడా ఉందత్తయ్యా. మహారాష్ట్ర వాళ్ళు అనరసాలంటారు. బియ్యం మూడురోజులు నానబెట్టి, పిండిలో బెల్లం పాకం పట్టకుండానే కలిపి, ముద్ద చేసి కొన్నాళ్ళు ఉంచుతారు. నువ్వుల బదులు గసగసాలద్దుతారు. నేను అది కూడా చేసుకోగలను. కానీ నాకు కావలసింది ఈ ఇంటి అరిసె.”

అరిసెకి చుట్టాలు దేశమంతా ఉన్నారు. తమిళ ఇళ్ళలో అధిరసం చలిమిడిని ఒకటి రెండు రోజులు మగ్గనిచ్చి దీపావళికి వండుతారు. కన్నడ ఇళ్ళలో కజ్జాయ, ఒడిశాలో అరిసె పిఠా. ఎక్కడో ఉత్తరాఖండ్ కొండల్లో గఢ్వాలీ పెళ్ళిళ్ళకు అర్సా. బియ్యం, బెల్లం, నూనె. సరుకులు అవే. నానబెట్టే గంటలు, పాకం పదును, పైన అద్దే గింజలు మారతాయి. ఒక్కో ఇంటి అరిసె రుచి ఆ చిన్న తేడాల్లోనే ఉంది. ఆ తేడాలు చేస్తూ చూపించే మనిషి దగ్గరే తెలుస్తాయి. ఎంత మంచి పుస్తకమైనా ఉండ మెత్తదనాన్ని వేళ్ళకి అందించలేదు. దుకాణం అరిసెని ఇస్తుంది, పాకాన్ని చూపించదు.

కోడలి పట్టుదల గెలవాలి. అత్తగారి అభ్యంతరం కూడా నిలవాలి. చెయ్యి అందించడమంటే పాత చాకిరీని కొత్త చేతుల్లో పెట్టడం కాకూడదు. నేర్చుకునేవాళ్ళలో కోడలు ఒక్కతే ఉంటే, మరో నలభయ్యేళ్ళకి ఇదే వాదన ఇదే వంటింట్లో మళ్ళీ మొదలవుతుంది. పండగ వంటని బతికించుకోవాలనుకునే ప్రతి ఇంట్లోనూ పళ్ళెంలో నీళ్ళ దగ్గర కూతురు పక్కన కొడుకూ నిలబడాలి. ఈ మాట మర్యాదకి చెప్పేది కాదు. ఐదు జతల చేతుల పనికి ఐదు జతల చేతులు కావాలి, అంతే.

అత్తగారు చివరికి మెత్తబడ్డారు గానీ షరతులు పెట్టారు.

“కిలో బియ్యం. అంతకు మించి గింజ పొయ్యను. అరిసెలొక్కటే, మిగతావన్నీ కొనుక్కొస్తున్నాం. బియ్యం నానబెట్టేదీ, మరకి మోసేదీ, చెక్కలతో నూనె ఒత్తేదీ మా అబ్బాయి. నేను కుర్చీ వేసుక్కూర్చుని చెబుతాను, పొయ్యి దగ్గరికి రాను. అరిసె గట్టిపడినా విచ్చిపోయినా ఈ ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. అలా అన్నవాళ్ళు వచ్చే ఏడు పాకం పట్టాలి.”

“అన్నీ ఒప్పుకున్నాను. ఒక్కటి మాత్రం మీరు ఒప్పుకోవాలి. పళ్ళెంలో చుక్క వేసిన ప్రతిసారీ చాలా, చాలదా మీరు చెప్పాలి. ఆ క్షణానికి అంకె ఎంతుందో నేను రాసుకుంటాను.”

“ఈ బెల్లానికి రాసుకున్నది వచ్చే ఏటి బెల్లానికి పనికిరాదుగా.”

“అందుకే బెల్లం ఎక్కడిదో కూడా రాస్తాను. బియ్యం ఏ రకమో, ఎన్ని గంటలు నానిందో, ఏ గిన్నెలో కాచామో, అన్నీ. వచ్చే ఏడు తేడా వస్తే ఎందుకొచ్చిందో పట్టుకోవచ్చు.”

అత్తగారు ఆ మాట కొంచెంసేపు ఆలోచించారు. కొత్తబియ్యమైతే చలిమిడికి జిగురెక్కువ వస్తుందనీ, కొందరు కోటా బియ్యమే నయమంటారనీ, తన అత్తగారు మాత్రం ఎప్పుడూ కొత్తబియ్యమే పోశారనీ చెప్పి, అది కూడా రాసుకోమన్నారు. తర్వాత హాల్లో ఫోను చూసుకుంటున్న కొడుకుని కేకేశారు.

“ఒరేయ్, లేచి బియ్యం కడుగు. ఇప్పుడు పోస్తే రేపు రాత్రికి నానతాయి. మధ్యలో పొద్దునోసారి, సాయంత్రమోసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే పులుపెక్కుతాయి. ఎల్లుండి పొద్దున్నే మర తీసే వేళకి నువ్వు అక్కడుండాలి. ఆలస్యమైతే వరస పెద్దదవుతుంది.”